టెండరు తెరిచాక బేరమెందుకు?

ప్రభుత్వ సంస్థలకు కందిపప్పు సరఫరా చేసే మిల్లర్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. టెండరులో వేసే రేటు వేరు, మనసులో ఉన్న రేటు వేరు. కవరు తెరిచిన తరువాత పిలిపించి ఇంకా ఎంత తగ్గిస్తారని అడుగుతారన్న భయంతో కిలోకు రూపాయో రెండు రూపాయలో ముందే కలిపి వేస్తారు. పిలిచినప్పుడు ఆ రూపాయే తగ్గిస్తారు. ప్రభుత్వానికి ఇంత సొమ్ము ఆదా అయినదని ఫైలులో నమోదవుతుంది. పిలవకపోతే ఆ రూపాయి మిల్లరుకు మిగులుతుంది. ఈ ఆట తెలియక అసలు రేటే వేసిన కొత్తవాడు మాత్రం పిలిచిన రోజున తగ్గించలేక, ధరావతు వదులుకోలేక చిక్కుకుపోతాడు.

దీనిని అరికట్టే నిబంధనలు లేకపోలేదు. 1998 నవంబరులోనే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ టెండర్లు తెరిచాక సాగే బేరాలను నిషేధించి, ఒక్క ఎల్-1తో, అనగా అతి తక్కువ రేటు వేసిన వారితో మాత్రమే, మాట్లాడే వీలుంచింది. 2007 మార్చి 3 నాటి సర్క్యులరు ఆ వీలును కూడా కుదించింది. ఎల్-1తోనైనా సాధారణంగా బేరం కూడదు. ఒకే సంస్థ తయారుచేసే వస్తువులు, సరఫరాదారులు కొద్దిమందే ఉన్న సరుకులు, టెండరుదారులు కుమ్మక్కైనారన్న అనుమానం వంటి అసాధారణ సందర్భాలలో మాత్రమే ఆడవచ్చు. ఆడితే కారణం రాసి ఉంచాలి. ఎల్-1 వెనుకకు పోతే తిరిగి టెండరు పిలవవలసిందే. సరుకును ఇద్దరు ముగ్గురికి పంచదలచుకుంటే ఆ సంగతి టెండరులోనే ముందుగా చెప్పాలి. అప్పుడు ఎల్-1 రేటుకు మిగతావారిని అడగడం బేరం కిందకు రాదు. ఇవి కేంద్ర సంస్థలకు వర్తించేవి. రాష్ట్ర సంస్థలు తమ తమ నిబంధనలతో నడుస్తాయి. మనవారికి ఎక్కువ పని పడేది అక్కడే.

కందిపప్పు ఈ మూడు సందర్భాలలో దేనికి చెందుతుంది? మిల్లులకు కొరత లేదు. ఇక మిగిలినది కుమ్మక్కు అనుమానం. అది నిజమే అయితే ఎల్-1ను పిలిచి రూపాయి తగ్గించుకోవడం మందు కాదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడవ సెక్షను టెండర్లలో కుమ్మక్కును నేరుగా ప్రస్తావిస్తున్నది. ఆ దారిన పోవాలి. (మనలో కొందరికి ఈ మాట రుచించదని తెలుసు.)

అసలు నష్టం నాణ్యంలో ఉన్నది. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలు 8,000 రూపాయలు. ఆ ధరకు కొని మరపట్టిస్తే పప్పు నూటికి 70 నుంచి 75 పాళ్లు దిగుతుంది. అంటే గింజల ఖరీదే కిలో పప్పుకు సుమారు 107 నుంచి 114 రూపాయలు పడుతుంది. పొట్టు, నూక అమ్మిన సొమ్ము మిల్లు ఖర్చులకు సరిపోయిందనుకున్నా గోనె, హమాలీ, లారీ కిరాయి, బిల్లు వచ్చేదాకా వడ్డీ ఉండనే ఉన్నాయి. కందులు మద్దతు ధరకు ఆడుతున్న రోజుల్లో 108కి సరఫరా చేస్తానని ఒప్పుకున్న మిల్లరు ఆ లోటును ఎక్కడ పూడ్చుకుంటాడో గోడౌను దగ్గర బస్తాలో చేయి పెట్టి చూసినవారికి తెలుసు. మచ్చు ఒకటి, లారీలో దిగేది మరొకటి. నిఖార్సయిన తాండూరు కంది మరపట్టించేవాడు ఈ రేట్ల దగ్గరకే రాడు.

బేరం మాటే కూడదని మేమనడం లేదు. అమెరికా ప్రభుత్వ కొనుగోళ్లలో దీనికి ప్రత్యేక పద్ధతి ఉన్నది. 1984 నాటి చట్టం సీల్డు టెండరుకు, సంప్రదింపులతో సాగే కొనుగోలుకు సమాన హోదా కల్పించింది. అంతకు పూర్వం రెండవది మినహాయింపుగానే ఉండేది. ధర ఒక్కటే చూస్తే సరిపోయే చోట సీల్డు టెండరు. నాణ్యం, పూర్వానుభవం తూచవలసిన చోట సంప్రదింపు. 1997లో తిరిగి రాసిన నిబంధనల ప్రకారం సంప్రదింపు మొదలుపెడితే, పోటీలో నిలిచిన వారందరితోను జరపాలి, ఒక్కరితో కాదు. ఒకరి రేటు వారి అనుమతి లేకుండా మరొకరికి చెప్పరాదు. చివరి రేటు వేయడానికి అందరికీ ఒకే గడువు. ఓడినవాడు అడిగితే ఎందుకు ఓడినాడో వివరించాలి. 2025లో ఆ నిబంధనావళి మొత్తాన్ని తిరగరాసే పని చేపట్టారు. ఏది మారినా, అందరితో ఒకే తీరు అన్న పద్ధతి మనం గమనించదగినదే.

మన దేశంలో 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ, నాణ్యానికి కూడా మార్కులిచ్చే పద్ధతిని పనులకు, కొన్ని సేవలకు అనుమతించింది. అక్కడ కూడా ధరేతర అంశాలకు నూటికి 30 మించరాదు. ఈ వెసులుబాటు సరుకుల కొనుగోలుకు ఇవ్వలేదు. కొందరు మిల్లర్లు పప్పుకూ మార్కులు కావాలంటున్నారు. మాకు సమ్మతం కాదు. తేమ, నూక, పుచ్చు, మట్టిబెడ్డ అన్నీ తూచి చెప్పగలిగినవి. కొలవగలిగిన దానికి మార్కులెందుకు? మార్కులంటే వేసేవాడి చేయి. ప్రమాణం గట్టిగా రాసి, తనిఖీ గట్టిగా చేస్తే చాలును.

రేటు చెల్లుబాటు గడువు మాత్రం సంస్థలు తప్పక ఆలోచించవలసినది. టెండరు వేసిన నాటి నుంచి 60, 90 రోజులు రేటు మారకూడదంటే కందిలో ఎవరు నిలబడగలరు? 2015 అక్టోబరులో కొన్ని నగరాలలో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయలు దాటిన సంగతి ఎవరూ మరువలేదు. అటువంటి ఒడుదుడుకులకు భయపడే మిల్లరు ముందుగానే ఎక్కువ వేస్తాడు, లేదా సగంలో చేతులెత్తేస్తాడు. గడువు పది పదిహేను రోజులకు కుదించి, ఆర్డరు వెంటనే ఇచ్చి, దీర్ఘకాల సరఫరాకు మార్కెట్టు యార్డు ధరతో రేటును ముడిపెడితే ఆ కలుపుడు రూపాయి దానంతట అదే రాలిపోతుంది.

మిల్లర్ల సంఘాలు ఈ కోరికలను టెండరుకు ముందు జరిగే సమావేశంలో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఆ సమావేశాలకు మనవారు గుమాస్తాలను పంపి ఊరుకుంటున్నారు. రాబోయే పిలుపులకైనా యజమానులే యార్డు ధరల పట్టీ, మరపట్టు లెక్క చేతబట్టుకుని వెళ్లడం మంచిది.