డిక్కీలో ఒక దుప్పటి

2022 జనవరి 3న వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర మంచు ముంచెత్తింది. ఐ-95 హైవే మీద ట్రక్కులు అడ్డం తిరిగాయి. వందలాది కార్లు రాత్రంతా ఉన్నచోటే ఉండిపోయాయి. రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కు మామూలుగా రెండు గంటల దారి. సెనేటర్ టిమ్ కెయిన్‌కు 27 గంటలు పట్టింది. ఫ్లోరిడా నుంచి తిరిగొస్తున్న ఒక కుటుంబం కార్ల మధ్య నడుస్తూ నారింజపళ్లు పంచిందని ఆయన తర్వాత చెప్పారు.

సంక్రాంతి వేడుకలకు వెళ్లిరావడానికి, అమ్మానాన్నలను విమానం ఎక్కించడానికి మనమూ ఈ నెలంతా ఇలాంటి రోడ్ల మీదే ఉంటాం. పులిహోర డబ్బా సర్దుకోవడం మాత్రం మరచిపోం. "ఫోనుంది కదా" అని ధీమా. కానీ మంచు తుపాను రాత్రి మనకోసం రావలసిన టో ట్రక్కు కూడా అదే మంచులో చిక్కుకుంటుంది.

అన్నిటికన్నా నాకు భయం పొగగొట్టం గురించే. కారు వెనక మంచు పేరుకుని అది మూసుకుపోతే, వెచ్చదనం కోసం నడుపుతున్న ఇంజన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తోందనుకుంటూనే మనిషి స్పృహ తప్పుతాడు. అందుకే చిన్న పార ఒకటి కారులో ఉండాలి. ముందు గొట్టం చుట్టూ మంచు తీసేయండి. తర్వాత ఇంజన్ గంటకు పది నిమిషాలు నడిపితే చాలు. కిటికీ అద్దం కాస్త దించి ఉంచండి. దుప్పట్లు, నీళ్లు, టార్చి డిక్కీలో ఉంచండి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

ఆరేళ్లుగా నడుపుతున్న మా కారులో స్టెప్నీయే లేదని పోయిన నెల డిక్కీ అడుగు ఎత్తి చూస్తేగానీ నాకు తెలియలేదు. ఉన్నదల్లా పంక్చరు కిట్టు. టైరు పక్కభాగం చీలితే అది పనికిరాదు. ఈ మధ్య వచ్చిన కార్లు చాలావాటిలో ఇంతే. మీ కారూ ఒకసారి చూసుకోండి. బ్యాటరీ పాతదైతే ఇప్పుడే మార్పించండి, చలికి దాని సత్తువ బాగా తగ్గిపోతుంది.

911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఎక్కడున్నారని. హైవే పక్కన చిన్న పచ్చబోర్డుల మీద మైలు నంబరు ఉంటుంది. మొన్న దారిలో మా అమ్మకు ఆ బోర్డులు చూపించాను. ఇల్లు చేరేదాకా ఒక్కో నంబరూ పైకి చదువుతూనే ఉంది.