అక్కడో పద్నాలుగు, ఇక్కడో పద్నాలుగు

పత్తి రేటు, మిర్చి రేటు అయిపోయాక మా వైపు మూడో మాట వీసా. అమరావతిలో టీ కొట్టు దగ్గరైనా, నరసరావుపేట బస్సులోనైనా, గురజాలలో పెళ్లి పందిట్లోనైనా ఇదే వరస. తిథి, నక్షత్రం తప్ప మరో తారీఖు పట్టని పెద్దమ్మలు కూడా ఇప్పుడు 'మావాడి ప్రయారిటీ డేటు ఇంకా కదల్లేదమ్మా' అని నిట్టూరుస్తున్నారు. సెనేట్‌లో ఎంతమంది ఉంటారో, అధ్యక్షుడి ఉత్తర్వును ఏ కోర్టు ఆపగలదో గడగడా చెప్పే కుర్రాళ్లున్నారు. తమ వార్డు మెంబరు పేరడిగితే మాత్రం కాస్త ఆలోచిస్తారు.

ఇందులో తప్పు పట్టాల్సిందేం లేదు. రెండెకరాలు అమ్మి పిల్లాడిని చదువుకు పంపిన ఇంటికి వాషింగ్టన్ కబురు వానకబురు లాంటిదే. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. కొత్తగా హెచ్-1బి వీసా మీద మనిషిని తెచ్చుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నాడు. అప్పటి మారకంలో అది 88 లక్షల రూపాయలు. మర్నాడే 'ఇది కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారే' అని వైట్‌హౌస్ సర్దిచెప్పింది. ఈలోపు ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి అన్నం సహించలేదో! ఆ వీసాల్లో నూటికి డెబ్బైకి పైగా మన దేశం వాళ్లకే వస్తాయి. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో మన వీధుల్లో తాళం వేసిన ఇళ్లను లెక్కపెడితే తెలుస్తుంది.

కాబట్టి అమెరికా రాజకీయాలు మనకు పరాయివి కావు. నా బాధల్లా వేరు. ఆ రాజకీయాలను మనం వీసా ఆఫీసు కిటికీలోంచి మాత్రమే చూస్తున్నాం. తలుపు తెరిస్తే సంబరం, మూస్తే శాపనార్థాలు. అసలు ఆ తలుపు ఎవరు తెరిచారు, ఎంత నెత్తురు పోసి తెరిచారు అన్నది మనం పిల్లలకు చెప్పం. మనమూ అడగం.

అదే సంవత్సరం జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, ట్రంప్ ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం రాదన్నది దాని సారాంశం. నెల తర్వాత పుట్టేవాళ్లకు వర్తిస్తుందన్నాడు. నెలలు నిండుతున్న కూతుళ్ల కోసం పురుడు పోయడానికి వెళ్లిన మన అమ్మలకు గుండెల్లో రాయి పడింది. మూడు రోజుల్లోనే సియాటెల్‌లో ఒక జడ్జి ఆ ఉత్తర్వును ఆపేశాడు. తర్వాత మరికొన్ని కోర్టులూ ఆపాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది.

ఆ జడ్జీలు దేన్ని పట్టుకుని ఆపారు? అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణను. అది మనలాంటివాళ్ల కోసం రాసింది కాదు. అప్పటికి మూడేళ్ల కిందట బానిసత్వం పోయింది. అంతకుముందు 1857లో అక్కడి సుప్రీంకోర్టు, డ్రెడ్ స్కాట్ అనే నల్లమనిషి కేసులో, నల్లవాళ్లు పౌరులు కానేకారని తీర్పు చెప్పింది. ఆ తీర్పును తుడిచేయడానికి, ఈ నేల మీద పుట్టినవాడు ఈ దేశపు పౌరుడేనని 14వ సవరణలో రాసుకున్నారు. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు, నేను ఇక్కడివాడినే అని సుప్రీంకోర్టు దాకా పోరాడి గెలిచాడు.

అంటే డాలస్ ఆస్పత్రిలో పుట్టిన మన మనవరాలి నీలం పాస్‌పోర్టు వెనక పత్తి చేలల్లో కొరడా దెబ్బలు తిన్న బానిసలున్నారు. ఒక చైనా వంటవాడున్నాడు. మనం మాత్రం వెళ్లి మొక్కుబడి వేరేచోట తీర్చుకుంటాం.

ఇక మన భారతీయుల కథ. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అప్పట్లో బయటినుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతి వాళ్లకు తప్ప పౌరసత్వం ఇచ్చేవాళ్లు కాదు. థింద్ తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆయన పైకులం వాడు, ఆర్యుడు, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని! కోర్టు ఒప్పుకోలేదు. ఆయనతో పాటు, అప్పటికే పౌరసత్వం వచ్చిన మరికొందరు భారతీయులకూ అది ఊడింది. ఊళ్లో చెల్లిన కులం సముద్రం దాటాక చెల్లలేదు. వందేళ్ల కిందటి ఆ పాఠం మనం ఇంకా పూర్తిగా చదివినట్టు లేదు.

1946లో కాస్త కనికరించి, ఏడాదికి వందమంది భారతీయులు రావచ్చన్నారు. దేశం మొత్తానికి వంద! తలుపు నిజంగా తెరుచుకున్నది 1965 అక్టోబరు 3న. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను తూచే పాత కోటాలను ఎత్తేసే చట్టం మీద జాన్సన్ ఆ రోజు స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర సంతకం పెట్టాడు. అంతకు రెండు నెలల ముందు ఓటు హక్కు చట్టం, అంతకు ముందటేడు పౌరహక్కుల చట్టం వచ్చాయి. మూడూ ఒక గాలికి రాలిన పళ్లే. ఆ గాలి పుట్టించింది బస్సుల్లో వెనక సీటుకు పొమ్మంటే కదలనన్నవాళ్లు, కుక్కలను వదిలినా బారు తప్పకుండా నడిచినవాళ్లు. మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానమెక్కింది ఆ తర్వాతే.

మరి మన ఇళ్లలో వాళ్ల గురించి ఏమనుకుంటాం? ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒక పెద్దాయనతో మాట్లాడుతున్నాను. అంట్లు తోమే మిషను, ఆకులు ఊడ్చే మిషను, వారాంతంలో పది కుటుంబాలు తలో వంటకం తెచ్చుకుని కలిసి తినడం, అన్నీ వర్ణించాడు.

'బావుంది పెదనాన్నా, చుట్టుపక్కల వాళ్లతో పరిచయమైందా?' అన్నాను.

'ఎక్కడ అబ్బాయ్! మావాడు ముందే చెప్పాడు, నల్లవాళ్ల పేట వైపు నడకకు పోవద్దని.'

'ఆ పది కుటుంబాలూ?'

'అంతా మనవాళ్లే' అన్నాడు తృప్తిగా.

'మనవాళ్లు' అనే మాటకు మా జిల్లాలో అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్లో బడికి గదులు కట్టించడానికి చందా ఇచ్చినవాడు. పేట అనే మాట, అటు పోవద్దు అనే మాట ఆయన అమెరికాలో నేర్చుకోలేదు. ఇక్కడినుంచే పట్టుకెళ్లాడు. ఆవకాయ జాడీ బ్యాగులో పెట్టుకున్నట్టు ఇదీ సర్దుకుని వెళ్లాడు. కస్టమ్స్ వాళ్లు ఆవకాయను పట్టుకుంటారు గానీ దీన్ని పట్టుకోలేరు.

కార్నెగీ సంస్థ వాళ్లు 2020 ఎన్నికల ముందు అక్కడి భారతీయులను సర్వే చేశారు. ఓటున్న వాళ్లలో నూటికి 72 మంది బైడెన్‌కు వేస్తామన్నారు, 22 మంది ట్రంప్‌కు అన్నారు. అమెరికా సంగతులు అడిగితే ఉదారంగా మాట్లాడినవాళ్లు, ఇండియా సంగతులకొచ్చేసరికి అంత ఉదారంగా లేరన్నది కూడా ఆ సర్వేలోనే తేలింది. అక్కడ మనం తక్కువమందిమి, కాబట్టి తక్కువమందికి హక్కులుండాలి. ఇక్కడ ఎక్కువమందిమి, కాబట్టి... అదీ సంగతి.

ద్వేషానికి మాత్రం ఇలాంటి తేడాలు తెలియవు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో, పని ముగించుకుని బార్‌లో కూర్చున్న ఇద్దరు మన ఇంజనీర్ల మీద ఒకడు 'మా దేశం నుంచి పొండి' అని అరిచి కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. కాల్చినవాడు వాళ్లను ఇరాన్ వాళ్లనుకున్నాడట. వాళ్ల కులమేమిటో, ఏ ప్యాకేజీయో, ఏ కాలేజీయో ఆ తుపాకీ అడగలేదు. అడ్డుపడబోయిన ఒక తెల్ల అమెరికన్ కూడా తూటా తిన్నాడు. ఆ దేశంలో రెండు రకాల మనుషులూ ఉన్నారని, రెండోరకం వాళ్లను గెలిపించుకోవడమే రాజకీయమని ఆ ఒక్క రాత్రి చెబుతుంది.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చాడు. తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళితే, హెడ్మాస్టరు ఆయన్ను 'అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు' అని పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమందట. తర్వాత తన దేశంలోని రెండు కోట్ల నల్లవాళ్ల బతుకు తలుచుకుని, నిజమే, నేనూ అంటరానివాడినే అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పాడు. అంతకు పదమూడేళ్ల ముందే, 1946లో, న్యూయార్క్‌లో చదువుకున్న అంబేద్కర్ అక్కడి నల్లవాళ్ల నాయకుడు డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. మీ కష్టం, మా కష్టం ఒకేలా ఉన్నాయన్నది దాని సారాంశం. వాళ్లకు తెలిసిన చుట్టరికం మనకు తెలియకపోవడమే విచిత్రం.

ఇప్పుడు ఆ చుట్టరికం అక్కడి చట్టసభల దాకా వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. అమెరికా నగరాల్లో అదే మొదటిది. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లే ఆమోదిస్తే, గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో తిప్పి పంపాడు. ఉన్న చట్టాలే చాలన్నాడు. ఆ బిల్లుకు గట్టిగా అడ్డుపడినవాళ్లలో మనదేశం వాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటా వినాలి. 'కులం పేరు చట్టంలో రాస్తే, కులమే తెలియకుండా పెరిగిన మా పిల్లలను కూడా అక్కడివాళ్లు అనుమానంగా చూస్తారు' అంటారు. కొట్టిపారేయాల్సిన భయం కాదది. కానీ ఒక్కటి అడగాలి. కులం అంతగా తెలియని పిల్లలైతే, పెళ్లి ప్రకటనలో 'అమెరికాలో ఉద్యోగం, గ్రీన్‌కార్డు ఉంది' అన్న లైను పక్కనే శాఖతో సహా ఎందుకు వేయిస్తున్నాం? దొంగతనాన్ని నిషేధించే చట్టం ఉందని మన వీధివాళ్లందరినీ ఎవరూ దొంగలనుకోవడం లేదుగా!

చిత్రమేమిటంటే మన రాజ్యాంగంలోనూ సమానత్వం చెప్పేది 14వ అధికరణమే. నంబరు కలవడం కాకతాళీయం. మాట కలవడం కాదు. చట్టాల సమాన రక్షణ అన్న మాటను మనవాళ్లు అమెరికా 14వ సవరణ నుంచి తీసుకున్నారు. రెండింట్లోనూ ఆ రక్షణ పౌరుడికని రాయలేదు, వ్యక్తికని రాశారు. అందుకే పౌరసత్వం లేని మన పిల్లాడు కూడా అక్కడ కోర్టు మెట్లెక్కగలుగుతున్నాడు.

అక్కడి పద్నాలుగు మనకు కావాలి. మరి ఇక్కడి పద్నాలుగు? 1991 ఆగస్టు 6న మన పాత గుంటూరు జిల్లాలోనే చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. పదహారేళ్లకు 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయింది నిజం, చంపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ట్రంప్ ఉత్తర్వును అక్కడి జడ్జి ఆపిన రోజు మనం స్వీట్లు పంచుకున్నాం. చుండూరు వాళ్లు ఆ రోజు ఎలాంటి అన్నం తిన్నారో ఎవరైనా అడిగామా?

సమానత్వం అమెరికా నుంచి దిగుమతి చేసుకోవాల్సిన సరుకని నేననను. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడంటారు. మాల కన్నమదాసును సేనానిని చేశాడంటారు. కార్తీకంలో కారంపూడి తిరునాళ్లలో ఆ చాపకూడును ఇప్పటికీ తలుచుకుంటాం. గుర్రం జాషువా వినుకొండ వాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గబ్బిలం చేత శివుడికి కబురు పంపడం మీద 1941లో కావ్యమే రాశాడు. ఇవాళ మనమూ గడప బయట నిలబడి లోపలికి అర్జీలు పంపుతున్నాం. కాకపోతే మన గబ్బిలం పేరు ఈమెయిలు, గుడి పేరు కాన్సులేటు. బయట నిలబడటం ఎలా ఉంటుందో మన పైకులాల ఇళ్లకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

తెలిసిన ఆ కాస్తా ఊరికే పోనీయకూడదు. ఈసారి పిల్లలతో వీడియోలో మాట్లాడేటప్పుడు వీసా సంగతి తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో రెండు అడగండి. మీ ఆఫీసులో నల్లవాళ్లెవరైనా ఉన్నారా, ఎప్పుడైనా ఇంటికి భోజనానికి పిలిచారా? మీ వారాంతపు భోజనాల్లో మన ఊరి చివరి పేట నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ అబ్బాయి కూర్చుంటున్నాడా? వాళ్లు ఒక నిమిషం తడబడతారు. 'మరి మన ఇంట్లో?' అని తిరిగి అడిగినా అడుగుతారు.

అడగనివ్వండి. జవాబు సిద్ధం చేసుకోవాల్సింది మనమే.