సంఘం పేరు ఉన్నంత మాత్రాన సంఘం మెయిలేనా?



ఉగాది చందా మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయట. అందుకని సబ్జెక్టులో మన సంఘం పేరున్న ప్రతి మెయిలుకూ 'ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు' అని జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టుకోమని గ్రూపులో సలహా తిరుగుతోంది. మేం కొందరం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. పేరు ఎవడైనా టైపు చేస్తాడు. లోగో మన పేజీలోనే ఉంది, ఎవడైనా తీసుకుంటాడు. రేపు కొత్త ఖాతా నంబరుతో దొంగ మెయిలు వస్తే దానికి మనమే పీట వేసి కూర్చోబెట్టినట్టు.

ఇది ఇంతకుముందు జరిగిందే. 2002లో హబియాస్ అనే అమెరికా కంపెనీ మంచి మెయిలుకు గుర్తుగా హెడర్‌లో ఒక చిన్న కవిత పెట్టించింది. అనుమతి లేకుండా వాడితే కాపీరైట్ కేసే అంది. స్పామ్‌అసాసిన్ ఫిల్టర్ ఆ కవిత కనబడితే స్పామ్ మార్కులు బాగా తగ్గించేసేది. ఇంకేం, స్పామర్లు కవితను కాపీ కొట్టి మందుల ప్రకటనలకు తగిలించారు. ఊరూ పేరూ లేనివాడికి కోర్టు భయమా! 2023 మేలో జీమెయిల్ నీలం టిక్కు తెచ్చింది. జూన్‌కల్లా యూపీఎస్ కొరియర్ పేరుతో వచ్చిన నకిలీ మెయిలుకూ ఆ టిక్కు పడింది.

టీటీఈ మన చేతిలో కాగితం ఎంత బాగుందో చూడడు. చార్టులో పేరుందా అని చూస్తాడు.

కాబట్టి రూలు తిరగేసి రాద్దాం. సబ్జెక్టులో సంఘం పేరుండి, పంపినది కార్యాలయం చిరునామా కాకపోతే, 'జాగ్రత్త' అనే లేబుల్ పడాలి. సభ్యులు రాసుకునే మెయిళ్లకూ పడుతుంది, పడనివ్వండి. కార్యాలయం చిరునామాకు సైతం 'స్పామ్‌కు పంపవద్దు' టిక్ పెట్టకండి, ఆ చిరునామానూ నకలు చేస్తారు.

బ్యాంకు మెయిళ్లకూ ఇదే చూపు కావాలి. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. వాటిని ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే. అయితే ఆ మాటలు చిరునామా చివర ఉండాలి. మధ్యలో ఇరికించి వెనక ఇంకేదో తగిలిస్తే అది బ్యాంకు కాదు.

కమిటీవారికి ఒక్క మాట. చందా ఖాతా నంబరు మెయిల్‌లో పంపడం మానేసి, కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించండి.