కర్ణాటక చలానా పడితే మన ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

పత్తి ఎత్తుకొని రాయచూరు పోయేవాళ్లు, మిరపకాయలు బ్యాడిగికి తోలేవాళ్లు, సుగ్గికి కూలీలను దింపి వచ్చే బండ్లవాళ్లు, అందరూ ఈ మధ్య ఒకటే మాట మాట్లాడుతున్నారు. కెమెరా ఫోటో కొట్టింది, ఫోనుకు మెసేజ్ వచ్చింది. "మనది ఆంధ్రా బండి, వాళ్లేం చేస్తారులే" అని సగంమంది. "కట్టకపోతే వచ్చే ఏడు ఇన్సూరెన్స్ డబులంట" అని మిగతా సగం. నాకు తెలిసినంతవరకు రెండూ తప్పే.

మాధవరం దగ్గర తుంగభద్ర దాటితే రాష్ట్రం మారుతుంది గానీ కంప్యూటరు మారదు. బండ్ల వివరాలు వాహన్‌లో, లైసెన్సులు సారథిలో ఉంటాయి. మన రాష్ట్రమూ, కర్ణాటకా రెండూ అందులోనే ఉన్నాయి. హెల్మెట్ లేదని రాయచూరులో 500 పడితే అది మన బండి నంబరు మీద కూర్చుంటుంది. ఈరోజు ఎవరూ ఇంటికొచ్చి అడగరు. బండి అమ్మేటప్పుడో, ఎన్‌ఓసీ కావాలన్నప్పుడో, ఎఫ్‌సీకి పోయినప్పుడో అడ్డం పడుతుంది. అప్పుడు పని మానుకొని ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాల.

ఇక ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతనేది కంపెనీ ఇష్టం కాదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ. ఒక్క చలానా లేనోడికీ అంతే, పది ఉన్నోడికీ అంతే. ఫుల్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒకటి ఉంటుంది. క్లెయిమ్ చేయకుంటే మొదటి ఏడు 20 శాతం తగ్గి, పోనుపోను 50 శాతం దాకా తగ్గుతుంది. అది పోయేది క్లెయిమ్ చేస్తేనే, చలానా పడితే కాదు.

మరి డబులంట అనే మాట యాడ పుట్టింది? ఊరికే పుట్టలేదు. 2021 జనవరిలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన కమిటీ, ట్రాఫిక్ తప్పులకు పాయింట్లు వేసి ప్రీమియం పెంచాలని, ముందు ఢిల్లీలో పెట్టి చూడాలని చెప్పింది. 2024లో ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు గారు కూడా చలానాలకు, ప్రీమియానికి ముడిపెట్టమని కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ రాసినారు. అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఉంది. అక్కడ చాలా రాష్ట్రాల మధ్య డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం ఉంది. పక్క రాష్ట్రంలో టికెట్ పడినా ఆ సంగతి సొంత రాష్ట్రానికి చేరుతుంది. కంపెనీవాళ్లు అది చూసి రేటు పెంచుతారు. అక్కడున్న మన పిల్లల్ని అడిగితే చెప్తారు.

ఆ పద్ధతి మనకు ఇప్పుడే వద్దు అనేది నా అభిప్రాయం. జరిమానా వద్దని కాదు. తాగి నడిపేవాడిని, పిల్లోడి చేతికి బండి ఇచ్చేవాడిని వదలకూడదు. కానీ అమెరికాలో పాయింట్లు పడేది నడిపే మనిషి లైసెన్సు మీద. ఇక్కడ ఆ కమిటీ ప్రీమియం కట్టమన్నది బండి ఓనరును. మన ఇండ్లలో బండి ఒకటి, నడిపేవాళ్లు నలుగురు. పొద్దున నాయన పొలానికి, మధ్యాహ్నం కొడుకు ఆదోనికి, సాయంత్రం పక్కింటాయన మందుల అంగడికి. మాపటికి పెట్రోలు ఎవరు పోసినారో కూడా తెలీదు. ఇంక పాయింట్లు ఎవరివని లెక్క పెడతారు?

ఇంకోటి. కర్ణాటకలో 2023లో పాత చలానాలు సగానికే కట్టుకోమన్నారు, 2025లో మళ్లా అదే ఆఫర్ ఇచ్చినారు. తెలంగాణలోనూ 2022లో, 2023 చివర్లో ఇంకా ఎక్కువే తగ్గించినారు. వచ్చిన రోజే పూర్తిగా కట్టినోడు ఏమనుకోవాల? ఇట్లా సగానికి సగం వదిలేసే లెక్కను పట్టుకొని ఇన్సూరెన్స్ పెంచుతామంటే అది న్యాయం కాదు.

మనం నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. మన పక్క కేఏ 36, కేఏ 34 నంబర్ల సెకండ్ హ్యాండ్ బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. డబ్బులిచ్చి తాళం తీసుకుంటాం, ఆర్సీ మాత్రం పాతాయన పేరు మీదే. చలానా మెసేజ్ ఆయన ఫోనుకు పోతుంది, మనకు తెలియనే తెలీదు. యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనరుదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అమ్మినాయనకు అసలు నిద్ర పట్టకూడదు. కొన్నాయనకూ సుఖం లేదు, ఫుల్ పాలసీ తన పేరుకు మారకుంటే సొంత బండి దెబ్బతిన్నా పైసా రావడం కష్టం.

సుగ్గి బండ్ల సంగతి ఇంకా ఘోరం. ట్రాక్టరులో డ్రైవరుకు తప్ప వేరే సీటు లేదు. ట్రాలీలో ముప్పైమందిని ఎక్కించుకొని సరిహద్దు దాటినప్పుడు పోలీసు రాసే జరిమానా చిన్నది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కిస్తే లైసెన్సు మూడు నెలలకు తగ్గకుండా సస్పెండ్ చేయమని 2015లోనే సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ రాష్ట్రాలకు చెప్పింది. సస్పెండైన లైసెన్సుతో నడిపి యాక్సిడెంట్ చేస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. కోర్టు చెప్పిందని బాధితులకు ముందు కట్టినా, తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గరే వసూలు చేసుకుంటుంది. ట్రాలీలో ఊరికే కూర్చున్న కూలీలకు మామూలు పాలసీ వర్తించదని కోర్టుల్లో చాలా కేసులు పోయినాయి. 500 చలానా గురించి రచ్చబండ మీద గంట మాట్లాడతాం, రెండెకరాలు అమ్మించే ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

సుగ్గి మొదలయ్యేలోపల ఆర్సీలో పేరు ఎవరిది, ఫోను నంబరు ఎవరిది అని ఒకసారి చూసుకోండి. చలానా ఉందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే తెలుస్తుంది. వాట్సాప్‌లో "ఆర్టీఓ చలాన్" అని ఏపీకే ఫైలు వస్తే మాత్రం తెరవొద్దు. అది ఏ పోలీసూ పంపింది కాదు, నొక్కితే బ్యాంకులో ఉన్న పత్తి డబ్బులు పోతాయి.