మిల్వాకీలో నవంబర్‌లో క్యూ కట్టే ఓటర్లు ఏప్రిల్‌లో ఎందుకు రారు?

అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తల్లో విస్కాన్సిన్ రాష్ట్రం పేరు మీరు వినే ఉంటారు. గత మూడు ఎన్నికల్లోనూ అక్కడ గెలుపు తేడా 30 వేల ఓట్లు దాటలేదు. 2016లో ట్రంప్ 22,748 ఓట్లతో, 2020లో బైడెన్ 20,682 ఓట్లతో, 2024లో మళ్లీ ట్రంప్ సుమారు 29 వేల ఓట్లతో గట్టెక్కారు.

ఆ రాష్ట్రంలో అతి పెద్ద నగరం మిల్వాకీ. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ నగర జనాభా 2020 లెక్కల ప్రకారం 5.77 లక్షలు. ఇక్కడి ఓటర్లు ఎటు మొగ్గుతారో రెండు పార్టీలకూ తెలుసు. ఎంతమంది బూత్‌కు వస్తారన్నదే తేలని లెక్క.

నగరం ఎటువైపు?

డెమొక్రాట్ల వైపే. 2020లో నగరంలో బైడెన్‌కు దాదాపు 79 శాతం, ట్రంప్‌కు 20 శాతం ఓట్లు పడ్డాయి. జనాభాలో నల్లజాతీయులు దాదాపు 39 శాతం, హిస్పానిక్‌లు 20 శాతం. పక్కనే ఉన్న వాకెషా, ఒజాకీ, వాషింగ్టన్ కౌంటీలు మాత్రం రిపబ్లికన్ల వైపు ఉంటాయి.

ఈ నగరానిది పాత వామపక్ష చరిత్ర కూడా. 1910 నుంచి 1960 మధ్య ముగ్గురు సోషలిస్టులు ఇక్కడ మేయర్లుగా చేశారు. మురుగు కాలువలు, పార్కులు, ప్రజారోగ్యం మీద పెట్టిన శ్రద్ధ వల్ల వాళ్లకు ‘మురుగు కాలువల సోషలిస్టులు’ అన్న పేరే వచ్చింది.

2016లో ఏం జరిగింది?

2012తో పోలిస్తే నగరంలో దాదాపు 41 వేల ఓట్లు తక్కువ పడ్డాయి. రాష్ట్రం మొత్తం మీద ట్రంప్‌కు వచ్చిన మెజారిటీ కన్నా ఇది చాలా ఎక్కువ. రానివాళ్లంతా హిల్లరీ క్లింటన్‌కే వేసేవారని చెప్పలేం. కానీ తగ్గుదల పేదలు ఎక్కువగా ఉండే వార్డుల్లోనే బాగా కనిపించింది.

ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేసిన చట్టం అధ్యక్ష ఎన్నికల్లో అమలైంది అప్పుడే మొదటిసారి. ఒబామా బరిలో లేకపోవడం, అభ్యర్థులిద్దరి మీదా ఆసక్తి లేకపోవడం కూడా కారణాలే. వీటిలో దేని వాటా ఎంతన్న వాదన ఇంకా తెగలేదు.

ఓటు వేయాలంటే ఏం కావాలి?

మన దగ్గరిలా బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి పేరు రాసుకోరు. ఓటరే నమోదు చేసుకోవాలి. విస్కాన్సిన్‌లో పోలింగ్ రోజున బూత్‌లోనే నమోదుకు వీలుంది. రాష్ట్రంలో పోలింగ్ శాతం ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

అయితే చిరునామా రుజువు చూపాలి, ఆ చిరునామాలో కనీసం 28 రోజులుగా ఉంటూ ఉండాలి. తరచూ అద్దె ఇల్లు మారేవాళ్లు మారిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాలి. పోలింగ్ మంగళవారం, ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా. ఓటు కోసం 3 గంటల వరకు పని నుంచి విరామం అడిగే హక్కు ఉంది. కానీ ఆ సమయానికి యజమాని జీతం కోసుకోవచ్చు. గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మరి ఏప్రిల్ సంగతేంటి?

మేయర్, 15 మంది కౌన్సిల్ సభ్యులు, స్కూల్ బోర్డు... వీళ్లందరి ఎన్నికలూ ఏప్రిల్‌లోనే. బ్యాలెట్ మీద పార్టీ పేర్లు ఉండవు. చెత్త బండి, రోడ్డు, బడి, ఇంటి పన్ను నిర్ణయమయ్యేది ఇక్కడే. వచ్చేవాళ్లు మాత్రం తక్కువ.

2024 ఏప్రిల్ 2న ప్రభుత్వ పాఠశాలల కోసం ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బడ్జెట్‌ను దశలవారీగా పెంచి, నాలుగో ఏటికి ఏడాదికి 25.2 కోట్ల డాలర్లు అదనంగా ఇవ్వాలా అన్నది ప్రశ్న. ఆ భారం ఇంటి పన్ను మీదే పడుతుంది. అద్దెకు ఉండేవాళ్లకూ అది అద్దె రూపంలో తగలొచ్చు.

సుమారు 1,700 ఓట్ల తేడాతో ప్రతిపాదన నెగ్గింది. 2020 నవంబర్‌లో నగరంలో ఓటేసింది దాదాపు రెండున్నర లక్షల మంది. ఈసారి అందులో సగం మంది కూడా రాలేదు. రెండు నెలల తర్వాత పాఠశాలల ఆర్థిక నివేదికలు రాష్ట్రానికి సమయానికి చేరలేదన్న గొడవ బయటపడి, సూపరింటెండెంట్ రాజీనామా చేశారు. పన్ను పెంపు మాత్రం అప్పటికే ఖరారైపోయింది.

ఏప్రిల్‌లో ఎప్పుడూ ఇంతేనా?

కాదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి జరిగిన ఎన్నికకు ఓటర్లు వెల్లువెత్తారు. మిల్వాకీలో 7 పోలింగ్ కేంద్రాల్లో బ్యాలెట్ పత్రాలే అయిపోయాయి. అమెరికా చరిత్రలో అంత ఖరీదైన న్యాయమూర్తి ఎన్నిక అంతకుముందు జరగలేదు. దేశవ్యాప్త ప్రచారం, డబ్బు రెండూ ఇంటి గడప దాకా వచ్చాయి.

ఏర్పాట్లు తగ్గితే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లోనే తెలిసింది. కోవిడ్ భయంతో సిబ్బంది రాక, నగరంలో దాదాపు 180 పోలింగ్ కేంద్రాలు 5కు పడిపోయాయి. జనం గంటల తరబడి క్యూల్లో నిలబడ్డారు.

రెండూ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. పిలిచేవాళ్లు, బూత్ దగ్గర్లో ఉండటం, కాగితాలు సిద్ధంగా ఉండటం... వీటిని బట్టే పోలింగ్ పెరుగుతుంది, తగ్గుతుంది. స్కూల్ బడ్జెట్‌కు ఓటేయమని కోట్లు ఖర్చుపెట్టి పిలిచేవాళ్లు ఉండరు.

మిల్వాకీ మేయర్ ఎన్నిక మళ్లీ 2028 ఏప్రిల్‌లో. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువులు మీకుంటే, వాళ్ల ఊళ్లో స్కూల్ బోర్డు ఎన్నిక ఎప్పుడో ఒకసారి అడిగి చూడండి. ఆ తేదీ రాష్ట్రానికో రకంగా ఉంటుంది. టీవీ చూసి తెలుసుకునే తేదీ అయితే కాదు.