ఓటికుండకు కొత్త నీళ్ళు

"ఏసీలో గ్యాస్ అయిపోయింది." వేసవి వచ్చినదంటే మొయినాబాదు నుంచి చేవెళ్ళ దాకా రోడ్డు పొడవునా ఈ వాక్యము వినబడుతుంది. జీవితమంతా పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న తెలుగు పండితుడిని గనుక చెబుతున్నాను. ఈ వాక్యములో వ్యాకరణదోషము లేదు. సత్యమూ లేదు.

డీజిలు అయిపోతుంది, మండుతుంది గనుక. ఏసీ యంత్రములోని వాయువు మండదు, ఖర్చు కాదు. కంప్రెసరు దానిని ఒత్తుతుంది. కండెన్సరులో అది వేడిని వదలి ద్రవమవుతుంది. సన్నని రంధ్రము దాటి ఎవాపరేటరులో మరల ఆవిరై క్యాబిన్ వేడిని గ్రహిస్తుంది, తిరిగి కంప్రెసరుకు చేరుతుంది. మూసిన గొట్టములలో అదే వాయువు ఏళ్ళ తరబడి ఇట్లా తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టముల గుండా ఏటేటా కొద్దికొద్దిగా ఊరిపోవడము కలదు. కాని ఒక్క వేసవిలోనే ఖాళీ అయినదంటే దానికి ఒకటే అర్థము: ఎక్కడో చిల్లు పడినది. "అయిపోయింది" అంటే తప్పు ఎవరిదీ కాదు, మరల నింపితే సరిపోతుంది. "కారిపోయింది" అంటే చిల్లు వెదకవలసి వస్తుంది. ఒక్క క్రియాపదము మార్చి మెకానిక్కు తన కష్టమును తప్పించుకొంటున్నాడు. ఆ పదమునకు వెల మాత్రము బండివాడు చెల్లిస్తున్నాడు.

మాటలు అర్థము తప్పడము లోకసహజమే గదా అనవచ్చును. నిజమే. మా ప్రాంతములో మధ్యరకము లారీని, అది ఏ కంపెనీదైనా సరే, "డీసీఎం" అనే అంటారు. ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లు వారు జపాను టయోటాతో కలిసి లారీలు చేసిన కాలము పోయి చాలా ఏళ్ళయినది. కంపెనీ పోయినా పేరు బండికి అంటుకొనిపోయినది. దీనివలన ఎవరికీ నష్టము లేదు. "గ్యాస్" అన్న మాట వలన నష్టము ఉన్నది. అది ఒక పదార్థము పేరు కాదు. అనేక పదార్థములను ఒక ముసుగు క్రింద దాచే మాట.

నా దగ్గర చదువుకొన్న ఒకతనికి అటువంటి పాత డీసీఎం ఉన్నది. మొయినాబాదు, చేవెళ్ళ చుట్టుప్రక్కల తోటల పూలు, కూరగాయలు నగరమునకు చేరవేస్తాడు. పూలయితే గుడిమల్కాపురము మార్కెట్టుకు తెల్లవారక ముందే చేరవలెను. తిరుగు ప్రయాణము మాత్రము ఎండలోనే. ఆ రకము బండికి ఇంజను డ్రైవరు సీటు క్రిందనే ఉంటుంది. పైన ఎండ, క్రింద ఇంజను, నడుమ మనిషి. ముందరి యజమాని ఎప్పుడో క్యాబినులో ఏసీ పెట్టించినాడు, అది ఆర్-12 వాయువుతో నడిచే పాత యంత్రము. "సార్, ఎన్నిసార్లు గ్యాస్ కొట్టించినా నెల దాటుతలేదు" అని ఇతడు నాతో అన్నాడు. మూడు వేసవుల బిల్లులు చూపించినాడు. మూడింటి మీదా ఒకటే మాట: "గ్యాస్ ఫుల్". ఏ గ్యాసో లేదు, ఎన్ని గ్రాములో లేదు, ఏ నూనె పోసినారో లేదు. మందు పేరు వ్రాయక "మందు ఇచ్చితిని" అని చీటీ వ్రాసే వైద్యుని మనము ఒప్పుకొందుమా?

ఆ పాత వాయువు సంగతి కొంత చెప్పవలెను. 1930లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ అనే రసాయనికుడు పండితసభలో ఆర్-12ను తన ఊపిరి నిండా పీల్చి, కొవ్వొత్తి మీదకు వదలి దీపమును ఆర్పి చూపినాడు. విషము కాదు, మండదు అని నిరూపణ. అంతకు ముందు శీతల యంత్రములలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ మనుషులను చంపుతుండేవి. కనుక ఆర్-12 వరమనే అనుకొన్నారు. ఒకనాటి మన ఇళ్ళలోని ఫ్రిజ్జులలో చల్లదనము ఆ వాయువుదే.

1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ జాతి వాయువులు పైకి పోయి ఓజోను పొరను తింటాయని చెప్పినారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలు ఒప్పందము కుదిరినది. అది ఎక్కడో అంటార్కిటికా గొడవ అనుకొనే వారికి ఒక మాట. 1987లోను, 1990లోను మన హైదరాబాదు బెలూను కేంద్రము నుంచే పెద్ద బెలూన్లు ఎగురవేసి, పై వాతావరణములోని గాలిని పట్టి, ఈ వాయువులు ఎంత ఉన్నవో కొలిచినారు. మన నెత్తిమీది గాలిలోనే అవి దొరికినవి. భారతదేశము 1992లో ఒప్పందములో చేరినది. 2003 జనవరి 1 నుంచి కొత్త యంత్రముల తయారీలో వీటిని నిషేధించినది. 2008 ఆగస్టు 1 నాటికి ఉత్పత్తినే ఆపినది. ఆర్-12 ఒకసారి గాలిలో కలిస్తే దాదాపు నూరేళ్ళు ఉంటుంది. ఈనాడు చేవెళ్ళలో ఒక గొట్టము విప్పి "స్స్" మని వదలినది మన మునిమనుమలు ముసలివారయ్యే దాకా ఆకాశములోనే ఉంటుందన్నమాట.

కనుక పాత యంత్రమును ఆర్-134ఏ అనే తరువాతి వాయువుకు మార్చవలసినదే. మార్చడము నేరము కాదు, మార్చకనే మార్చినామనడము నేరము. మార్పు అంటే ఏమి?

మొదట పాత వాయువును గాలిలోనికి వదలక, యంత్రముతో సిలిండరులోనికి లాగుకొనవలెను. తరువాత చిల్లు వెదకి సరిచేయవలెను. పాత వాయువుతో తిరిగిన ఖనిజపు నూనె 134ఏలో కలియదు. కలియని నూనె కంప్రెసరుకు తిరిగి రాక దారిలో నిలిచిపోతుంది. నూనె అందని కంప్రెసరు కొంతకాలమునకు పట్టేస్తుంది. కావున ఆ నూనెను వీలయినంత తీసివేసి, కొత్త వాయువుతో కలిసే పాగ్ నూనెనో, ఎస్టరు నూనెనో పోయవలెను. తేమను పీల్చే డ్రయ్యరును మార్చవలెను, పాతదానిలోని గుళికలకు కొత్త వాయువు పడకపోవచ్చును. విప్పిన ప్రతి కీలు వద్దా రబ్బరు ఓరింగులు కొత్తవి వేయవలెను. వాక్యూము పంపుతో కనీసము అరగంట, ముప్పావుగంట గాలిని, తేమను లాగవలెను. అప్పుడు తూకము వేసి, పాత వాయువు ఎన్ని గ్రాములు పట్టేదో అందులో నూటికి ఎనభై, తొంభై పాళ్ళు మాత్రమే నింపవలెను. ఎండ ముదిరిన కొద్దీ ఆర్-12 కంటె 134ఏ ఒత్తిడి పైకి పోతుంది. కావున కండెన్సరు శుభ్రముగా ఉన్నదా, ఫ్యాను గట్టిగా విసురుతున్నదా చూడవలెను. చివరకు నింపే చోట కొత్త రకము బిరడాలు బిగించి, ఏ వాయువో, ఏ నూనెనో, ఎన్ని గ్రాములో వ్రాసిన చీటీ బానెట్టు క్రింద అతికించవలెను.

నా శిష్యుని బండికి వీటిలో జరిగినది ఒక్కటే, నింపడము. అదీ తూకము లేకుండా. చిల్లు చిల్లుగానే ఉన్నది, పాత నూనె పాతదిగానే ఉన్నది. ఓటికుండలో పోసేది గంగాజలమైతేనేమి, బావినీరైతేనేమి?

ఇంతకంటె ఘోరము మరియొకటి ఉన్నది. చవక అని కొందరు వంటగ్యాసునే ఏసీలోనికి ఎక్కిస్తారు. చల్లబడుతుంది, కాదనను. ఇంటి ఫ్రిజ్జులలో ఐసోబ్యూటేను వాడుతున్నారు గదా అని వాదించేవారూ ఉన్నారు. అది అందుకోసమే రూపొందించిన యంత్రము, అందులో ఉండేది కొద్ది గ్రాములు. లారీలో ఎవాపరేటరు ఉండేది డ్రైవరు మోకాళ్ళ ముందర. అది కారితే వాయువు చేరేది మూసిన క్యాబినులోనికి, అక్కడ బీడీ ఉంటుంది, నిప్పురవ్వ లేచే పాత తీగలుంటాయి. మిడ్జ్లీ దీపము ఆర్పి చూపినది దేనికో ఆ గుణమునే మనము పారవేసి, నిప్పంటుకొనే దానిని తెచ్చి ఒడిలో పెట్టుకొంటున్నాము. నకిలీ సిలిండర్ల కథ వేరు. 2011లో 134ఏ పేరుతో అమ్మిన నకిలీ వాయువులో మిథైల్ క్లోరైడ్ కలిసి, అది అల్యూమినియముతో చర్య పొంది, ఓడలలో పంపే శీతల కంటెయినర్లు పేలి ముగ్గురు పనివారు మరణించినారు. నూరేళ్ళ నాడు మానుకొన్న విషమే దొంగదారిన తిరిగి వచ్చినది. "ఏ గ్యాసైతేనేమి, చల్లగా ఉంటే చాలు" అనేవారు ఈ ముగ్గురిని తలచుకోవలెను.

ఇక నాతో వాదించిన పెద్దలకు సమాధానము.

ఒకరన్నారు: "ఆ పాత బండిని తుక్కుకు పంపక, ఏసీ ఎందుకండీ?" అయ్యా, దానిమీద ఒక కుటుంబము బ్రతుకుతున్నది. కొత్త లారీల సంగతి ప్రభుత్వము చూచినది. కొత్తగా తయారయ్యే మధ్యరకము, భారీ లారీలన్నింటికీ 2025 నుంచి క్యాబినులో ఏసీ ఉండి తీరవలెనని 2023 డిసెంబరులో ఉత్తరువిచ్చినది. మంచి పని. అంటే డ్రైవరుకు చల్లదనము విలాసము కాదని, రోడ్డుమీది అందరి క్షేమమని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. మరి అంతకు ముందు తయారైన లారీ నడిపేవానికి చెమట పట్టదా? పాత బండివాడికి చట్టము ఏమీ ఇవ్వలేదు. కనీసము వాడు తన డబ్బుతో చేయించుకొనే పనిలోనైనా మోసము లేకుండా చూడవద్దా?

మరొకరన్నారు: "ప్రపంచము మండిపోతుంటే చేవెళ్ళ డీసీఎంలోని ముప్పావు కిలో గ్యాసు ఒక లెక్కా?" లెక్కే. వేసి చూపుతాను. 134ఏ ఓజోనును తినదు, నిజమే. కాని భూమిని వేడెక్కించడములో అది నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు. 700 గ్రాములు కారితే వెయ్యి కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. లీటరు డీజిలు మండితే వచ్చేది 2.7 కిలోల లోపు. అంటే ఒక్కసారి ఏసీ ఖాళీ అయితే 370 లీటర్ల డీజిలు ఊరికే తగులబెట్టినట్లు. మూడు వేసవులలో మూడుసార్లు నింపి కార్చితే ఎంతయినదో లెక్కల మాస్టారును అడగనక్కరలేదు. పైగా ఈ 134ఏకు కూడ రోజులు దగ్గర పడినవి. 2016 నాటి కిగాలి సవరణను మన దేశము 2021లో ఆమోదించినది. 2028 నుంచి ఈ జాతి వాయువుల వాడకము పెరగకూడదు, 2032 నుంచి తగ్గుతూ రావలెను. అప్పుడు వెల పెరిగితే ముందుగా దెబ్బ తినేది ఓటికుండ మోసేవాడే.

ఇంకొకరు మెకానిక్కుల పక్షము వహించి, "వాళ్ళకెవరు నేర్పినారండీ?" అన్నారు. ఈ మాట ఒక్కటే నన్ను ఆలోచింపజేసినది. 2019 మార్చిలో ప్రకటించిన జాతీయ శీతలీకరణ ప్రణాళికలో 2022-23 నాటికి లక్షమంది పనివారికి శిక్షణ ఇస్తామన్నారు. ఆ లక్షమందిలో ఒక్కరైనా మా రోడ్డుమీద నాకు ఎదురుపడలేదు. నేర్పనివారి తప్పు నేర్పనివారిదే. కాని చిల్లు వెదకడానికి సబ్బునీళ్ళు చాలు, తూకానికి త్రాసు చాలు, బిల్లు మీద నిజము వ్రాయడానికి ఏ శిక్షణా అక్కరలేదు. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు బ్రేకు చూస్తారు, దీపాలు చూస్తారు, పొగ కొలుస్తారు. ఏసీలో వంటగ్యాసు ఉన్నదా అని ఎవరు అడుగుతున్నారు?

మా రోడ్డుమీద మర్రిచెట్ల కోసము హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళినవారున్నారు. వారికి నా నమస్కారము. నీడ విలువ తెలిసిన ప్రాంతము మాది. కంటికి కనబడే నీడ కోసము అంత పోరాడిన మనము, కంటికి కనబడని ఆ పై నీడను గొట్టము విప్పి "స్స్" మని చించుతుంటే పెదవి విప్పకపోవడము న్యాయమా?

నేను కోరేది పెద్ద విషయము కాదు. పాత బండి యజమానులు మెకానిక్కును నాలుగు ప్రశ్నలు అడగవలెను. చిల్లు ఎక్కడ? పాత వాయువును దేనిలో పట్టినావు? ఏ నూనె పోసినావు? ఎన్ని గ్రాములు నింపినావు? నాలుగింటికీ సమాధానము కాగితము మీద వ్రాయనివానికి పైకము ఇవ్వకండి. ప్రభుత్వము వారు ఈ చీటీని తప్పనిసరి చేయవలెను. వాయువును పట్టే యంత్రమొకటి మండలానికొకటైనా, అద్దెకైనా, అందుబాటులో పెట్టవలెను. అమెరికాలో ఆర్-12ను గాలిలోనికి వదలడము 1992లోనే నేరమైనది, దాని బదులు వాయువుల విషయములో 1995లో నేరమైనది. మనకు ఇంకా అది ఒక "స్స్" శబ్దము మాత్రమే.

అంతవరకు నా వంతు పని నేను చేస్తాను. నా ఎదుట ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అంటే, తరగతిలో వలెనే ఆపి దిద్దుతాను. "కారిపోయింది" అనవలెను నాయనా. క్రియ మారితే కర్త బయటపడతాడు.