ఒత్తు మొక్క పీకడానికి చేతులు రావడం లేదా?

మక్క మొలిచిన పది రోజులకు గట్టు మీద నిలబడి చూడండి. సాలంతా చిక్కగా, పచ్చగా కనిపిస్తుంది. కడుపు నిండినట్టుంటుంది. 'గింజ గింజకు పైసలు పెట్టినం, మొలిచినదాన్ని పీకుడెందుకు?' అని మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చాలామంది అంటారు. ఆ మాటలో బాధ ఉంది గానీ లెక్క లేదు.

లెక్క ఇదీ. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉంటే ఎకరాకు సుమారు 33 వేల మక్క మొక్కలు పడతాయి. కుదురుకు రెండు నిలిస్తే 66 వేలు. భూమి అంతే, ఎరువు అంతే. తినే నోళ్లు మాత్రం రెట్టింపు.

పోటీ ఎరువు దగ్గరే మొదలు కాదు. పక్క ఆకు మీద పడి తిరిగొచ్చే వెలుగును బట్టి లేత మొక్క పొరుగును పసిగడుతుంది. నీడ పడకముందే పైకి సాగుతుంది. మనం 'ఏపుగా ఉంది' అని మురుస్తాం. కాండం మాత్రం సన్నబడుతుంది, వేరు బలం తగ్గుతుంది. గాలివానకు ముందు పడేది అదే. వరి అయితే పిలకలు తగ్గించుకునో పెంచుకునో సర్దుకుంటుంది. మక్కకు ఆ వీలు లేదు. ఇరుకులో కొన్ని మొక్కలకు కంకే రాదు.

జొన్న సంగతి కొంచెం వేరు. మొవ్వు ఈగకు భయపడి నాలుగు గింజలు ఎక్కువ వేస్తారు. అది తెలివైన పనే. తర్వాత తీయకపోవడమే తప్పు. మొలిచిన 12-15 రోజులకు ఒకసారి పలచన చేయండి. మొవ్వు ఎండినవాటిని ఎప్పటికప్పుడు పీకి కాల్చేయండి. నెల లోపల మొక్కల మధ్య 15 సెంటీమీటర్ల దూరం ఉండేలా చూడండి. పీకిన లేత జొన్న మాత్రం పశువులకు వేయొద్దు, విషం ఎక్కుతుంది.

'కూలీలు ఎక్కడ దొరుకుతరు?' అంటారా? నిజమే. అందుకే మక్కకు ఎకరాకు 8 కిలోల విత్తనం మించకుండా, దూరం చూసి వేస్తే పీకే పని సగం తప్పుతుంది. మిగిలింది పదును మీద ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవచ్చు. కూలీ మిగిలిందని ఆ పని మానేస్తే పోయేది పంట. కలుపు తీయడానికి వెనకాడని మనం, కలుపులాగే తినే ఒత్తు మొక్కను ఎందుకు ఉంచాలి?

రేపు పొద్దున 5 మీటర్ల తాడు సాలు వెంట పరచి మొక్కలు లెక్కపెట్టండి. మక్క అయితే 25, సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లున్న జొన్న అయితే 33 ఉండాలి. ఎక్కువుంటే వంగి పీకండి. అనుమానముంటే పొలాస పరిశోధన స్థానంలోనో, మీ మండల వ్యవసాయ అధికారినో అడగండి.